తినకపోతే రక్తమెలా పడుతుందే!

"సరిగ్గా తినవు, రక్తమెలా పడుతుందే?" మా పిన్ని రెండేళ్ళపాటు పడిన మాట ఇది. వాళ్ళ అత్తగారు అన్నారు, బాబాయి అన్నాడు, నిజం చెప్పొద్దూ, నేనూ అన్నాను. ఆవిడకి కీళ్ళవాతం. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారే, అది. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 8.5. ఆడవాళ్ళకి 12 ఉండాలి. తోటకూర, బీట్‌రూట్, ఖర్జూరం, నువ్వులుండలు, పైన ఐరన్ మాత్రలు. ఆర్నెల్ల తర్వాత చూస్తే మళ్ళీ అదే 8.5. మాత్రలు పారేస్తోందేమోనన్న అనుమానం కూడా మోసింది పాపం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమందికి ఉండేసరికి, ఆడదానికి రక్తం తక్కువంటే కారణం వెతకడమే మానేశాం. చీటీ మీద ఐరన్ రాసేస్తే సరి. ఇంట్లోవాళ్ళు తిండిని తప్పుపడితే సరి.

దీర్ఘకాలం జబ్బుతో ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఒంట్లో వాపు నెలల తరబడి ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనుని ఎక్కువగా తయారుచేస్తుంది. అది తిన్న ఐరన్‌ని పేగుల్లోంచి రక్తంలోకి రానివ్వదు, నిలవున్నదాన్ని కదలనివ్వదు. గాదె నిండా ధాన్యముంది, తలుపుకి తాళం పడింది. ఇంకా ధాన్యం తెచ్చి పోస్తే ఏం లాభం?

కిడ్నీ జబ్బులో ఇంకో చిక్కు. రక్తకణాలు తయారుచెయ్యమని ఎముకల్లోని మూలుగకి కబురు పంపే ఎరిత్రోపాయిటిన్ ముఖ్యంగా కిడ్నీల్లోనే పుడుతుంది. అవి దెబ్బతింటే ఆ కబురు అందదు. కిడ్నీ జబ్బు ఊరూరా తెలిసిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఇల్లాలు "నీరసంగా ఉంది" అంటే దాన్ని బద్ధకమని కొట్టిపారేయగలమా? ఆ హార్మోను ఇంజక్షన్‌గా దొరుకుతుంది. ఊరికే రక్తం ఎక్కించుకుంటూ పోతే, రేపు కిడ్నీ మార్పిడి చేయించుకోవాలనుకునేవాళ్ళకి సరిపడే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది.

పిన్ని దగ్గర మరో దొంగ కూడా దొరికాడు. నొప్పి తట్టుకోలేక మందుల షాపులో కొని మింగిన నొప్పి మాత్రలు! కడుపులో పుండు పడి కొద్దికొద్దిగా రక్తం పోతోంది. మలం నల్లగా ఉన్నా ఎవరికీ చెప్పలేదు. ఐరన్ వేసుకుంటే నల్లగానే వస్తుందన్నారు గదా, అదేననుకుంది. ఎవరూ అడగలేదు, ఆవిడకి చెప్పడానికి సిగ్గు.

రెండు మూడు నెలలు మాత్రలు వేసుకున్నా రక్తం పెరగకపోతే డాక్టరుని గట్టిగా అడగండి. ఫెరిటిన్‌తోబాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూడమనండి, ఎందుకంటే వాపు ఉన్నప్పుడు ఐరన్ తక్కువైనా ఫెరిటిన్ నిండుగానే కనిపించవచ్చు. కిడ్నీల కోసం క్రియాటినిన్. మీరు మింగుతున్న ప్రతి మాత్రా, షాపులో కొన్నవి సహా, సంచిలో వేసుకుపోయి చూపించండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ మానెయ్యకండి.

కీళ్ళవాతానికి సరైన మందు పడి, పుండు మానాక పిన్ని హిమోగ్లోబిన్ 11 దాటింది. తోటకూర ఇప్పటికీ తింటోంది, ఇష్టం గనక. బాబాయి మాత్రం ఆ పాత మాట ఎత్తడం లేదు.