సభ్యత్వం సంకెల కారాదు

పత్రికలకు మనియార్డరు ద్వారా చందా పంపిన తరానికి ఒక పద్ధతి తెలుసు. గడువు ముగిసేవేళ కొనసాగదలచినవారు మళ్లీ సొమ్ము పంపేవారు, వద్దనుకున్నవారు మిన్నకుండేవారు. మౌనానికి అర్థం విరమణే. ఆన్‌లైన్ సభ్యత్వాల కాలంలో ఈ అర్థం తలకిందులైంది. ఒకసారి కార్డు వివరాలిచ్చి చేరిన సభ్యుడు మిన్నకుంటే నెలనెలా అతని ఖాతా నుంచి సొమ్ము పోతూనే ఉంటుంది. సంగీత పాఠాలు మొదలుకొని పోటీ పరీక్షల శిక్షణ వరకు చందాలపై నడిచే వెబ్‌సైట్ల మంచిచెడ్డలు, సభ్యుని మౌనాన్ని నిర్వాహకులు ఏ విధంగా వాడుకుంటున్నారన్న దానిపైనే ఆధారపడి ఉన్నాయి.

ఇటువంటి వెబ్‌సైట్‌ను నెలకొల్పడం నేడు బ్రహ్మవిద్య ఏమీ కాదు. సభ్యులకు మాత్రమే తెరుచుకునే పేజీలు, పాస్‌వర్డుల ఏర్పాటు, చెల్లింపులు స్వీకరించే వ్యవస్థ అన్నీ అద్దెకు దొరుకుతున్నాయి. కష్టమంతా నడపడంలోనే ఉంది. నెలకు రూ.200 చొప్పున 500 మంది చందా కడితే లక్ష రూపాయలు సమకూరుతాయి. అయితే నెలకు నూటికి ఐదుగురు చొప్పున మానుకుంటూ పోతే, కొత్తవారు చేరని పక్షంలో ఏడాది తిరిగేసరికి మిగిలేది సుమారు 270 మందే. కనుక ఉన్నవారిని నిలుపుకోవడం నిర్వాహకులకు ప్రాణప్రదం. అందుకు మార్గాలు రెండు. కట్టిన సొమ్ముకు తగిన పాఠమో సమాచారమో ప్రతి నెలా అందించడం మొదటిది. బయటికి వెళ్లే దారి కనిపించకుండా చేయడం రెండవది. మొదటిది శ్రమతో కూడినది కాగా, రెండవది మహా సులువు!

ఈ ప్రలోభానికి దిగ్గజాలు సైతం అతీతం కావన్న విమర్శ ఉంది. ప్రైమ్ సభ్యత్వంలో వినియోగదారులను వారి సమ్మతి లేకుండా చేర్చుకున్నారని, విరమణను కష్టతరం చేశారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాఖలు చేసిన కేసులో, 2025 సెప్టెంబరులో కుదిరిన రాజీ మేరకు అమెజాన్ 250 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అందులో 150 కోట్ల డాలర్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వవలసినవే.

మన దేశంలో రిజర్వు బ్యాంకు ఈ విషయంలో ముందుగానే మేల్కొన్నదని చెప్పాలి. కార్డుల నుంచి పదేపదే వసూలయ్యే చెల్లింపులపై 2021 అక్టోబరు 1 నుంచి కట్టుదిట్టమైన నిబంధనలు అమలులోకి వచ్చాయి. సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలని, వద్దంటే ఆపే వీలుండాలని అవి నిర్దేశించాయి. ప్రతిసారీ విడిగా ధ్రువీకరించనవసరం లేని చెల్లింపుల పరిమితి అప్పట్లో రూ.5,000 కాగా, 2022 జూన్‌లో దానిని రూ.15,000కు పెంచారు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మోసపూరితమైన 13 ఆన్‌లైన్ పోకడలను నిషేధించింది. చందా ఉచ్చు వాటిలో ఒకటి.

అయితే చిన్న నిర్వాహకుల గోడును కూడా విస్మరించరాదు. 2021లో బ్యాంకుల ఏర్పాట్లు పూర్తికానందున, మానుకునే ఉద్దేశం లేనివారి చెల్లింపులు కూడా అనేకం నిలిచిపోయాయి. 2020లో వచ్చిన యుపిఐ ఆటోపే చిన్న చందాలకు కొంత ఊరట కలిగించిన మాట నిజమే. దీనికి తోడు 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సభ్యుల వివరాలను భద్రపరిచే బాధ్యతను మోపింది. భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చాయి. సమ్మతి ఇవ్వడం ఎంత సులభమో, దానిని ఉపసంహరించుకోవడమూ అంత సులభంగా ఉండాలన్నది ఆ చట్టంలోని కీలక సూత్రం. ఇంట్లో కూర్చుని పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడికి న్యాయవాదులను నియమించుకునే స్తోమత ఉండదు. ఆయన ఏమి చేయాలో ప్రాంతీయ భాషలలో తేట మాటలలో చెప్పే బాధ్యత ప్రభుత్వానిదే.

2025 జూన్‌లో ప్రాధికార సంస్థ, మూడు నెలల్లోగా స్వయంగా తనిఖీ చేసుకోవాలని ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. తప్పు చేసే అవకాశం ఉన్నవారినే తనిఖీదారులుగా నియమిస్తే ఒరిగేది స్వల్పం. చేరడానికి ఎన్ని మెట్లో, వైదొలగడానికీ అన్నే మెట్లుండాలన్న ఒక్క కొలమానంతో ప్రాధికార సంస్థే నేరుగా పరీక్షించాలి. ఉల్లంఘించినవారు పెద్దవారైనా ఉపేక్షించరాదు.

సులువుగా పోనిస్తే అందరూ పోతారన్న భయం నిర్వాహకులకు ఉండవచ్చు. కాని దారి దొరకక మిగిలినవాడు సభ్యుడు కాడు, బందీ. బ్యాంకు నుంచి వచ్చే 24 గంటల ముందస్తు సందేశం చూసి కూడా చందా కొనసాగించేవాడే అసలైన సభ్యుడు. అటువంటివారు 270 మందే మిగిలినా, వారి నమ్మకమే ఆ వెబ్‌సైట్‌కు పెట్టుబడి.