పాత గేమ్‌కు ధర ఎవరు కడుతున్నారు?

'పాత వీడియో గేమ్ కొనండి, లక్షలు సంపాదించండి' అనే రీల్స్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. ఇంటర్న్‌షిప్ స్టైపెండో, మొదటి జీతమో చేతికొచ్చే వయసులో ఇలాంటి మాటలు ఇట్టే పట్టేస్తాయి. వాటిలో నిజం ఎంత? ఒక గేమ్‌ను ముందు పెట్టుకుని లెక్క వేద్దాం. ఈ లెక్క వేయడం వస్తే ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

ఒక చిన్న క్యాట్రిడ్జ్ కథ

గేమ్ పేరు 'ఎస్‌ఎన్‌కే వర్సెస్ క్యాప్‌కామ్: ద మ్యాచ్ ఆఫ్ ద మిలీనియం'. జపాన్ కంపెనీ ఎస్‌ఎన్‌కే తన చేతి కన్సోల్ 'నియో జియో పాకెట్ కలర్' కోసం 1999లో తెచ్చింది. స్ట్రీట్ ఫైటర్ హీరో ర్యూ, కింగ్ ఆఫ్ ఫైటర్స్ హీరో క్యో ఒకే తెరపై తలపడతారు. మొత్తం 26 మంది ఫైటర్లు. ఆర్కేడ్ మెషీన్‌లో ఆరు బటన్లతో చేసే పనిని ఇక్కడ రెండే బటన్లతో చేయించారు. బటన్‌ను తట్టి వదిలేస్తే చిన్న దెబ్బ, కాసేపు నొక్కిపడితే పెద్ద దెబ్బ. హార్డ్‌వేర్ పరిమితిని డిజైన్‌తో ఎలా దాటారో చూడాలంటే ఇది మంచి ఉదాహరణ.

గేమ్ బాగున్నా కన్సోల్ నిలబడలేదు. నింటెండో గేమ్‌బాయ్ ముందు అది చిన్న ఆటగాడే. 2000 జనవరిలో ఎస్‌ఎన్‌కేను అరూజ్ అనే కంపెనీ కొనేసింది. అదే ఏడాది జూన్‌లో అమెరికా వ్యాపారం మూసేశారు. 2001 అక్టోబర్‌లో ఎస్‌ఎన్‌కే దివాలా తీసింది. అలా అమ్మకాలు ఆగిపోవడంతో కాపీలు తక్కువే మిగిలాయి. కొన్నేళ్ల తర్వాత అడిగేవాళ్లు పెరిగారు. అరుదైన వస్తువు కథ సాధారణంగా ఇలాగే మొదలవుతుంది.

ఆడటానికా, దాచుకోవడానికా?

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2021 ఫిబ్రవరిలో ఇదే గేమ్‌ను నింటెండో స్విచ్‌లో డౌన్‌లోడ్ రూపంలో మళ్లీ విడుదల చేశారు. అంటే ఆడాలనుకునేవాళ్లకు పాత క్యాట్రిడ్జ్ తప్పనిసరి కాదు. పైగా ఈ కన్సోల్‌కు దేశాల తాళం లేదు. కన్సోల్‌లో ఇంగ్లిష్ ఎంచుకుంటే జపాన్ కాపీ కూడా ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది.

మరి కాపీకీ కాపీకీ ధరలో తేడా ఎందుకు? లోపలున్న ప్రోగ్రామ్ వల్ల కాదు. అట్టపెట్టె, మాన్యువల్, ఏ దేశంలో అమ్మింది, ఎంత నలిగింది... వీటివల్ల. అంటే కలెక్టర్ డబ్బు పెడుతున్నది ఆటకు కాదు, వస్తువుకు. ఈ రెండు రకాల గిరాకీని విడదీసి చూడటమే విలువ కట్టడంలో మొదటి మెట్టు.

2021లో ఏం జరిగింది?

2021 జులైలో సీల్ తీయని 'సూపర్ మారియో 64' కాపీ అమెరికాలోని హెరిటేజ్ వేలంలో 15.6 లక్షల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కలో సుమారు 11.6 కోట్ల రూపాయలు. మారియో 64 అరుదైన గేమేమీ కాదు, లక్షల కాపీలు అమ్ముడైంది. ధర వచ్చింది ఆ సీల్‌కి, దానిమీద వాటా అనే గ్రేడింగ్ కంపెనీ ఇచ్చిన 9.8 స్కోరుకి.

2022 మేలో ఆ గ్రేడింగ్ కంపెనీపై కొందరు కస్టమర్లు కాలిఫోర్నియా కోర్టుకెళ్లారు. మార్కెట్‌ను కృత్రిమంగా పెంచారన్నది వాళ్ల ఆరోపణల్లో ఒకటి. అంతకుముందు ఇలాంటి ఆరోపణలే వచ్చినప్పుడు కంపెనీ కాదంది. ఎవరిది నిజమన్నది పక్కన పెట్టినా మనకు ఒక ప్రశ్న మిగులుతుంది. గేమ్ విలువ పెరిగితే గ్రేడింగ్ ఫీజూ పెరిగే పద్ధతిలో, మార్కులు వేసేవాళ్లకు ధర పెరగడమే లాభం కదా? షేర్లయినా, ఫ్లాటయినా, కోర్సు సర్టిఫికెట్టయినా 'ఇది గొప్పది' అని చెప్పేవాళ్లకు దానివల్ల ఏం వస్తుందో ముందు చూడండి.

లెక్క ఇలా వేయండి

అమ్మేవాళ్లు పెట్టిన ధర విలువ కాదు. ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. అమ్ముడైపోయిన ధరలే చూడాలి. ఒకే కండిషన్‌లోని ఐదు కాపీలు 8,000, 8,500, 9,000, 9,500, 40,000 రూపాయలకు పోయాయనుకుందాం. సగటు 15,000. మధ్యగతం 9,000. ఒక్క వింత అమ్మకం సగటును ఎక్కడికి లాగిందో చూశారా? రీల్‌లో మీకు కనిపించేది ఆ 40,000 ఒక్కటే.

ఇప్పుడు మీరు 9,000కు కొన్నారనుకోండి. విదేశాల నుంచి కొరియర్, కస్టమ్స్, పన్నులు కలిపి 2,500 అనుకుందాం. మొత్తం 11,500. అమ్మేటప్పుడు వెబ్‌సైట్ 10 శాతం కమీషన్ తీసుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికే దాదాపు 12,780కి అమ్మాలి. అంటే ధర 42 శాతం పెరిగాకే మీ లాభం మొదలవుతుంది. పైగా మన దగ్గర కొనేవాళ్లు తక్కువ. అమ్మాలనుకున్న రోజే బేరం దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇంత చూశాక నా మాట ఒక్కటే: ఇష్టం ఉంటే ఆడుకోవడానికి కొనండి, పెట్టుబడి అనుకుని అప్పు చేసి మాత్రం కొనొద్దు.

కొనేవాళ్లు చూడాల్సినవి

ఈ కన్సోల్ రెండు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. గడియారం, సెట్టింగ్స్ కోసం లోపల విడిగా ఒక నాణెం బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయిందన్న హెచ్చరిక వస్తే కంగారు పడక్కర్లేదు, మారిస్తే చాలు. గేమ్‌లో మీరు సేవ్ చేసింది క్యాట్రిడ్జ్‌లోని ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. తెర వెనక లైటు ఉండదు కాబట్టి ఫొటోలో మసగ్గా కనిపిస్తే అది లోపమని అనుకోవద్దు. లేబుల్, సర్క్యూట్ బోర్డు, పిన్నుల ఫొటోలు స్పష్టంగా అడగండి. ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి.

ఉద్యోగానికి దీంతో ఏం పని?

ఉంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. వాటిని మళ్లీ నడిపించాలంటే ఎమ్యులేటర్ రాయగలిగేవాళ్లు కావాలి. మనం చెప్పుకున్న గేమ్‌ను స్విచ్‌కు తెచ్చింది కెనడాలోని కోడ్ మిస్టిక్స్ అనే సంస్థ. ఈ పనికి సీ లాంగ్వేజ్, ప్రాసెసర్ సూచనలు, మెమరీ, టైమింగ్ మీద పట్టు ఉండాలి. ఎంబెడెడ్ ఉద్యోగాల్లో అడిగేవీ దాదాపు ఇవే.

ఈ సెమిస్టర్‌లో రెండు చిన్న ప్రాజెక్టుల్లో ఒకటి చేసి చూడండి. ప్రోగ్రామింగ్ ఇష్టమైతే, మొదటి ఎమ్యులేటర్‌గా చాలామంది ఎంచుకునే చిప్-8 రాయండి. డేటా ఇష్టమైతే ఏదైనా ఒక పాత వస్తువు తీసుకుని, అమ్ముడైన 50 ధరలు సేకరించి కండిషన్‌ను బట్టి మధ్యగతం కట్టండి. ఇంటర్వ్యూలో 'దీని విలువ ఎంతని ఎలా చెప్పారు?' అని అడిగితే చూపించడానికి మీ దగ్గర సొంత లెక్క ఉంటుంది.