కుందేటి కంచంలో ఏం వడ్డించాలి?

ఈ వారం నేను చెప్పబోయే వంటకు పొయ్యి వెలిగించే పని లేదు. పోపు లేదు, ఉప్పు కారాలు అసలే లేవు. ఎందుకంటారా? ఈ వంట మనుషులకు కాదండీ, కుందేటికి!

నవ్వకండి. ఈమధ్య పిల్లలున్న ఇంట్లో ఎక్కడ చూసినా కుందేళ్ళే కనిపిస్తున్నాయి. కర్నూలులో మా వీధిలోనే మూడిళ్ళల్లో ఉన్నాయి. ప్రొద్దుటూరు దగ్గర మా పుట్టింటికి పోతే మా తమ్ముడి పిల్లలు కూడా ఒకదాన్ని తెచ్చి పెట్టుకున్నారు. చూడ్డానికి దూదిపింజలా ఉంటుంది, అరవదు, వీధిలోకి పరుగెత్తి గొడవలు తేదు. సరే, బాగానే ఉంది. కానీ దానికేం పెట్టాలో తెలియకుండా తెచ్చుకుంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా ఇంట్లో ఒక కుందేలు నా చేతి తిండి తినే చచ్చిపోయింది. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అయినా రాస్తున్నాను. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని.

రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో మా పాప తెలిసినవాళ్ళ ఇంటినుంచి రెండు కుందేలు పిల్లల్ని తెచ్చింది. ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. తెల్లదానికి 'బొరుగు' అని, రెండోదానికి 'బెల్లం' అని పేర్లు పెట్టింది. ఇంక చూస్కోండి, నా మురిపెం! పొద్దున్నే ఉగ్గానికి బొరుగులు తీస్తే వాటికో పిడికెడు. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం నానబెట్టిన శనగలు, మా పాప చేతి బిస్కెట్లు. మధ్యమధ్యలో ఎర్రటి క్యారెట్ ముక్కలు. అవి గబగబా తింటుంటే 'అబ్బ, ఎంత ఇష్టంగా తింటున్నాయో!' అని సంబరపడేదాన్ని.

ఊరినుంచి వచ్చిన మా అత్త ఇదంతా చూసి, "ఏమ్మా, అది కసువు తినే జీవం గదా! దానికి అన్నం యాల పెడ్తాండావు? ఇంత కసువు కోసుకొచ్చి ఏస్తే సాలదా?" అంది.

"కసువు గొడ్లకత్తా! కుందేలు క్యారెట్ తింటుందని పిల్లల పుస్తకాల్లో బొమ్మలుండాయి గదా" అన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టుంది నా వాదం. మా అత్త ఇంకేం మాట్లాడలేదు.

ఉగాది దాటినాక ఒక సాయంత్రం బొరుగు తిండి ముట్టలేదు. మూలకు పోయి వీపు ముడుచుకుని కూర్చుంది. పొట్ట పట్టి చూస్తే గట్టిగా ఉంది. పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. పొద్దుననుంచి దాని గూట్లో ఒక్క పెంటిక కూడా లేదు. ఎండలు ముదిరినాయి కదా, వేడి చేసి ఉంటుంది, పొద్దునకి సర్దుకుంటుందిలే అనుకున్నాను. తెల్లవారినాక మావారు దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పోయేసరికే ఆలస్యమైపోయింది. డాక్టరు గారు ఏమేం పెట్టేవాళ్ళో అడిగి తెలుసుకుని, "మీరు దీనికి మనుషుల తిండి పెట్టినారమ్మా. రాత్రే తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళం" అన్నారు.

ఆ రోజు మా పాప నా దగ్గరకొచ్చి, "నేను పెట్టిన బిస్కెట్ల వల్లేనా మా?" అని అడిగింది. ఏం చెప్పను? "నీ తప్పేం లేదు నాన్నా, వద్దని చెప్పాల్సింది నేను" అన్నాను. బెల్లం మాత్రం బతికి ఉంది. దాన్నైనా కాపాడుకోవాలని ఆ డాక్టరు గారిని అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతులే ఈ వారం మీకు చెబుతున్నాను.

ముందు దాని నోరు, పొట్ట సంగతి చూద్దాం. పెద్ద కుందేటికి 28 పళ్ళుంటాయి. అవి బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళయితే ఏడాదికి 10, 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయట! మనం గోళ్ళు కత్తిరించుకున్నట్టు అది పళ్ళు అరగదీసుకోవాలి. గట్టి పీచున్న గడ్డిని గంటల తరబడి నమిలితేనే అవి అరుగుతాయి. మెత్తటి అన్నం, బిస్కెట్లు తింటే అరగవు. పళ్ళు వంకరపోయి, బుగ్గల్లో నాలుకలో గుచ్చుకుని పుండ్లు పడతాయి. అప్పుడు ఆకలున్నా తినలేదు పాపం.

ఇంక పొట్ట. కుందేటి పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. దాన్ని కదిలించేది పీచు. పిండిపదార్థం, తీపి ఎక్కువైతే పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గి, చెడ్డవి పెరిగి, గ్యాసు పట్టి, పేగు కదలడం ఆగిపోతుంది. మనకైతే కడుపులో బాగాలేకపోతే వాంతి చేసుకుని తేలికపడతాం. కుందేలు వాంతి చేసుకోలేదు. అందుకే దాని కడుపునొప్పి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో వింత. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. ఒకటి మనం ఊడ్చే గుండ్రటి ఎండు పెంటికలు. రెండోది చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా, జిగటగా ఉంటుంది. దాన్ని అది కిందపడకుండానే తినేస్తుంది. 'ఛీ' అనకండి, అసహ్యించుకుని ఆపకండి. అందులో దానికి కావలసిన బి విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. ఒకసారి తిన్న గడ్డిలోని సారమంతా రెండోసారి పిండుకుంటుందన్నమాట. ఆ మెత్తటివి తినకుండా గూట్లో మిగిలిపోతున్నాయంటే, మీరు దానికి తీపీ గింజలూ ఎక్కువ పెడుతున్నారేమో చూసుకోండి.

మరి క్యారెట్ మాటేమిటి? 1940లో అమెరికా కార్టూన్ సినిమాల్లో బగ్స్ బన్నీ అనే కుందేలు క్యారెట్ కొరుకుతూ వచ్చింది. అప్పటినుంచి ప్రపంచంలోని పిల్లలందరికీ కుందేలంటే క్యారెటే. నిజానికి క్యారెట్ దుంపలో చక్కెర ఎక్కువ. కుందేటికి అది మనకు మైసూరుపాకు లాంటిది. వారానికి ఒకటి రెండుసార్లు బొటనవేలంత ముక్క చాలు. క్యారెట్ ఆకు మాత్రం హాయిగా పెట్టవచ్చు. మనం కోసి పారేసేది దానికి మంచిది, మనం తినేది మితంగా పెట్టాల్సింది!

మనం ఇళ్ళల్లో పెంచే ఈ కుందేళ్ళ పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలవి. అక్కడి గడ్డి నేలల్లో బొరియలు తవ్వుకుని, చల్లపూట బయటికొచ్చి గడ్డి మేసేవి. మన చేలల్లో ఎగిరే చెవులపిల్లి వేరే జాతి. అది బొరియలు తవ్వదు. దాన్ని పట్టి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలంలో దాని పిల్ల కనిపించినా అక్కడే వదిలేయండి.

సరే, మన సీమలో గడ్డి ఎక్కడిదంటారేమో! వినాయకచవితికి వెతికి తెచ్చే గరిక ఉంది కదా, అది కుందేటికి మంచి తిండి. సుంకేసుల దగ్గర తుంగభద్రనుంచి బయలుదేరి కడప దాకా పోయే కేసీ కాలువ గట్ల మీద, పొలాల గట్ల మీద కావలసినంత గరిక దొరుకుతుంది. ఒకటే జాగ్రత్త. పురుగుమందు, కలుపుమందు కొట్టిన చేల పక్క కోయకండి. రోడ్డుపక్క పొగా దుమ్మూ పట్టిన గడ్డి, కుక్కలు తిరిగే చోటి గడ్డి వద్దు. తెచ్చినాక కడిగి, నీళ్ళు దులిపి వేయండి.

వానల్లో గడ్డి బాగా ఉన్నప్పుడే ఎండబెట్టి దాచుకోవాలి. మనం వడియాలు పెట్టుకోమా, అట్లాగే! గడ్డిని కుప్పగా వేయకుండా పలచగా పరిచి, గాలి ఆడే నీడలో రోజుకు రెండుసార్లు తిరగేయండి. చేత్తో నలిపితే గలగలమనాలి, రంగు మాత్రం కాస్త పచ్చగానే ఉండాలి. గోనెసంచిలో వదులుగా నింపి, నేలకు తగలకుండా బల్ల మీద పెట్టండి. బూజువాసన వచ్చిన గడ్డిని మొహమాటపడకుండా పారేయండి.

మన దగ్గర విరివిగా దొరికేవి ఇంకో రెండున్నాయి. ఒకటి శెనక్కాయ కట్టె. గొడ్లకు బలమని వేస్తాం. కానీ ఇది పప్పుజాతి మేత. సున్నం, మాంసకృత్తులు ఎక్కువ. ఎదిగిన కుందేటికి ఎప్పుడన్నా కొంచెం తప్ప రోజువారీ మేతగా పనికిరాదు. తేమ తగిలితే శెనక్కాయలకూ, చెక్కకూ పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కుందేళ్ళు ఆ విషానికి చాలా త్వరగా లొంగిపోతాయి. అందుకని శెనక్కాయ చెక్క జోలికి పోకండి. రెండోది జొన్న. లేత జొన్న మేసి గొడ్లు పడిపోయిన సంగతి మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. కుందేటికీ లేత పచ్చి జొన్న వేయకూడదు. వరిగడ్డిలో సారం తక్కువ, కింద పరుపుగా వేయడానికి బాగుంటుంది.

ఇప్పుడు వంటల పేజీ పద్ధతిలో కొలతలు చెప్తాను, రాసుకోండి. రెండు కిలోల బరువున్న ఎదిగిన కుందేటికి ఒక రోజుకు:

గరిక లేదా ఎండుగడ్డి: దాని ఒళ్ళంత కట్ట. రాత్రీపగలూ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. తిండిలో పది పాళ్ళలో ఎనిమిది పాళ్ళకు తక్కువ కాకుండా ఇదే ఉండాలి.

ఆకుకూరలు: రెండు కప్పులు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు మార్చి మార్చి రెండు మూడు రకాలు కలపండి. పాలకూర, తోటకూర రోజూ వద్దు, వారానికోసారి కొంచెం చాలు. క్యాబేజీ కొందరికి గ్యాసు చేస్తుంది, చూసి పెట్టండి.

అంగడిలో దొరికే కుందేటి గుళికల దాణా: కొంటే 50 గ్రాములు దాటకుండా. గడ్డి బాగా తింటుంటే ఇంకా తగ్గించవచ్చు.

పండు: ఆపిలో, బొప్పాయో, అరటో, వారానికి రెండుసార్లు ఒక చెంచాడు. ఆపిల్ గింజలు తీసేయండి.

నీళ్ళు: మామూలు రోజుల్లో 100 నుంచి 300 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. బోర్లాపడని బరువైన మట్టిమూకుడులో పోసి రోజూ రెండుసార్లు మార్చండి.

అసలు పెట్టకూడనివి: అన్నం, రొట్టె, బిస్కెట్లు, చాక్లెట్లు, శనగలు, ఉల్లి, వెల్లుల్లి, పచ్చి ఉర్లగడ్డ, టమోటా ఆకులు. పెరట్లో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఉంటే వాటి దరిదాపులకు పోనీయకండి.

ఇది ఎదిగినవాటి లెక్క. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని తల్లి దగ్గరనుంచి తేవద్దు. ఆరేడు నెలల దాకా ఎదిగే వయసు కనుక గడ్డితోపాటు లూసర్న్ కూడా వేయవచ్చు. తర్వాత మానిపించాలి. ఇప్పటిదాకా అన్నం అలవాటైన కుందేలుంటే ఒక్కరోజులో తిండి మార్చేయకండి. వారం పదిరోజుల్లో అది తగ్గిస్తూ ఇది పెంచుతూ రండి.

మన ఎండల సంగతి చెప్పకపోతే ఈ మాటలకు అర్థం లేదు. 30 డిగ్రీలు దాటితేనే కుందేలు ఇబ్బంది పడుతుంది. మనకా, వేసవిలో 40 మామూలు! దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల గుండానే పోవాలి. వేడికి మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే పేగు ఆగుతుంది. అందుకని ఎండాకాలంలో గడ్డి, ఆకులు తెల్లవారుజామున, పొద్దుగూకినాక వేయండి. నీడలో ఒక కడపబండ వేసి నీళ్ళతో తుడిస్తే బెల్లం దాని మీద కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. చెవులను తడిగుడ్డతో తుడవండి, చన్నీళ్ళ స్నానం మాత్రం వద్దు.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. కుందేలు పది పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లవారనీలే అని ఆగకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. ఇంట్లో పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిల్లిన్ సిరప్ పోయవద్దు. పెన్సిలిన్ జాతి మందులు నోటిద్వారా ఇస్తే కుందేటి పేగులోని మంచి సూక్ష్మజీవులు నశించి ప్రాణం పోవచ్చు.

మా అత్త ఈసారి వచ్చినప్పుడు నేనేం చెప్పలేదు. పొద్దున్నే తనే గంపలో ఇంత గరిక కోసుకొచ్చి బెల్లం ముందర వేసింది. అది నిమ్మళంగా నములుతుంటే మా పాప గోడకానుకుని కూర్చుని ఆ చప్పుడు వింటోంది. బిస్కెట్ పొట్లం చేతిలోనే ఉంది. ఒకటి తీసి తన నోట్లో వేసుకుంది, కుందేటికి మాత్రం పెట్టలేదు.

మీ ఇంట్లోనూ కుందేలుంటే ఈ రోజే దాని గూట్లోకి ఒకసారి తొంగిచూడండి. గడ్డి ఉందా, పెంటికలు వేసిందా, మూకుట్లో నీళ్ళున్నాయా? ఉంటే సంతోషం. లేకపోతే ఈ పేజీ మూసేసి, ముందు ఆ పని చూడండి. వచ్చే వారం మళ్ళీ మనుషుల వంటతోనే కలుసుకుందాం.