పోడు మీద మోపిన నేరం

భద్రాచలం అడవి పలచబడిందనగానే చదువుకున్నవారిలో చాలామంది ఒకటే కారణం చెబుతారు: పోడు. కోయలు, కొండరెడ్లు చెట్లు నరికి, తగలబెట్టి సాగు చేస్తున్నారు కాబట్టే అడవి పోతోందని అధికారులు, పాత్రికేయులు, అడవి మీద నిజమైన ప్రేమ ఉన్నవారు సైతం నమ్ముతున్నారు. వీరికి తెలివి తక్కువై ఈ నమ్మకం కలగలేదు. కంటికి కనబడిందే అసలు కారణం అనుకోవడం మనుషులందరూ చేసే పొరపాటు. ఆ నమ్మకానికి సరిపడే రుజువులనే ఏరి పేర్చడంలో మాత్రం తెలివైనవాళ్లది అందె వేసిన చేయి. న్యాయమూర్తిలా విచారించాల్సిన తెలివి, ముందే కుదిరిన అభిప్రాయానికి వకీలైపోతుంది.

కాలక్రమం చూస్తే ఈ వాదం నిలవదు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో కొండరెడ్ల పోడును వివరంగా నమోదు చేశాడు. కొన్నేళ్లు సాగు చేసి, ఆ చోటు వదిలి, అడవి మళ్లీ పెరిగేదాకా ఆగే పద్ధతి అది. పోడే అడవిని మింగేదైతే తరాల క్రితమే అక్కడ అడవి మిగలకూడదు. మరోవైపు ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలై, కొత్తగూడెం, మణుగూరు దాకా పాకింది. పోలవరం ప్రాజెక్టుకు 3,700 హెక్టార్లకు పైగా అటవీ భూమిని మళ్లించారు. ఇవన్నీ అనుమతి పత్రాలతో జరిగాయి గనుక మన లెక్కలో నేరంగా ఎక్కలేదు. పోడు పొగ మాత్రం దారిన పోయేవారందరికీ కనిపిస్తుంది.

ఇప్పటి పోడు పాతది కాదనీ, పత్తి కోసం కొత్తగా అడవి కొడుతున్నారనీ కొందరంటారు. కొన్నిచోట్ల అది నిజమే. అందుకే అటవీ హక్కుల చట్టం సాగు హక్కుకు 2005 డిసెంబరు 13ను గీతగా పెట్టింది. ఆ చట్టం కిందే తెలంగాణ ప్రభుత్వం 2023లో 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చింది. గీతకు ఇవతల కొట్టిన అడవికి అవతలివారిని బాధ్యుల్ని చేయడం న్యాయం కాదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో అటవీ అధికారిని చంపారు కదా అని అడిగేవారూ ఉన్నారు. అది హత్య, చేసినవారికి శిక్ష పడాల్సిందే. కానీ ఆ నేరాన్ని పోడు చేసే జనమంతటికీ అంటగట్టడం కూడా కనబడిన ఒక్క సంఘటనతో తీర్పు చెప్పేసే పొరపాటే.

పోడును నిందించే ముందు ఆ చేను ఏ ఏడాదిది, ఎవరిది, దాని పక్క అడవిని ఎవరు ఏ అనుమతితో తీసుకున్నారని అడగండి. ఈ ప్రశ్నలు అడగకుండా అడవిని కాపాడతామంటే నష్టపోయేది ఆదివాసులే, అడవి మాత్రం మిగలదు.