దావత్ ఖర్చు ఆడపిల్ల తండ్రి మీదెందుకు?

పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి పటాన్‌చెరు దాకా ముంబై హైవే వెంట లేచిన ఫంక్షన్ హాళ్లలో పెళ్లి భోజనాల దగ్గర మందు కనిపించదు. బగారా అన్నం, మటన్, పప్పు అందరికీ ఒకే చోట. మందు సంగతి వేరు. హాలు వెనక గదిలోనో, కారు డిక్కీ దగ్గరో, తెల్లారి అబ్బాయివాళ్ల దావత్‌లోనో నడుస్తుంది. గొడవ మాత్రం చాలా ముందే, మాటముచ్చట నాడే మొదలవుతుంది. తులాల లెక్క తేలాక, హాలు ఎవరు మాట్లాడాలో తేలాక, అబ్బాయి మేనమామో పెద్దబావో అడుగుతాడు: ‘‘మరి మావోళ్ల దావత్ సంగతేంది?’’ అమ్మాయి తల్లి ‘‘మా ఇంట్ల అసుంటివి లేవన్నా’’ అంటుంది. తండ్రి ‘‘చూసుకుందాం తియ్యి బావా’’ అని మాట దాటేస్తాడు. పెళ్లిదాకా ఆ ఇంట్లో పోట్లాట ఆగదు.

పోట్లాటంతా సంస్కృతి పేరుతోనే. ‘‘సుక్క లేకుంటే లగ్గమెట్లయితది’’ అని ఒకరు, ‘‘శుభకార్యంలో మందేమిటి’’ అని మరొకరు. రెండు వాదాలూ నాకు సరిగా తోచవు. ఎల్లమ్మకు, పోచమ్మకు కల్లుసాక పోయనిదే మంచిపని మొదలుపెట్టని ఇళ్లు తెలంగాణ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఆచారాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అలాగని తాగడమే తెలంగాణతనం అనడమూ అబద్ధం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. బీహెచ్ఈఎల్‌కో, పటాన్‌చెరు కంపెనీలకో వచ్చి స్థిరపడిన కోస్తా కుటుంబాలతో వియ్యమందేటప్పుడు ఈ తేడాయే ‘మీ పద్ధతి, మా పద్ధతి’ అంటూ బయటికొస్తుంది. కానీ ఆ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. తెలంగాణలోనూ సగానికి పైగా మగవాళ్లు తాగనివాళ్లే. ఆడవాళ్లలో తాగేవారు 7 శాతం లోపే.

ఊరి గౌండ్లాయన తాటిచెట్టు, ఈతచెట్టు ఎక్కి దించిన కల్లును పెళ్లింటి వాకిట్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు అందరూ కలిసి తాగేవారు. దానికి ఏ ఇల్లూ అప్పుల పాలు కాలేదు. ఇప్పటి దావత్‌ను ఫుల్‌బాటిళ్లలో, బీరు కాటన్లలో లెక్కేస్తున్నారు. ఏ బ్రాండు పెట్టారన్నదాన్ని బట్టే ఇజ్జత్. భూములు ప్లాట్లయి డబ్బు చేతికొచ్చిన కుటుంబం ఒక స్థాయిలో దావత్ ఇస్తుంది. పాశమైలారంలో షిఫ్టు డ్యూటీ చేసే కాంట్రాక్టు కార్మికుడు బిడ్డ పెళ్లికి ఆ స్థాయిని అందుకోవడానికి చిట్టీ ఎత్తుతాడు, చాలకపోతే మిత్తికి తెస్తాడు. ఈ ఖర్చును కట్నంలో రాయరు, పెట్టుపోతల్లో చెప్పరు. నోటితో ఒప్పుకోని ఖర్చు కాబట్టి తగ్గించమని అడిగే దారీ లేదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. బిడ్డకు తులం తగ్గించైనా బాటిళ్లు కొనే ఆ తండ్రిని, తాగడానికి కూర్చున్నవాళ్లలో ఒక్కరూ వద్దని ఆపరు.

ఇంట్లో వద్దనేది ఎక్కువగా తల్లి. లేదంటే పెళ్లికూతురు. ‘‘ఒక్కపూటకే గదా’’ అని వాళ్ల నోరు మూయిస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించేదాకా ఆగలేదు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే ముగిసిపోయింది. దాన్ని మళ్లీ తెమ్మని నేను అడగడం లేదు. 2,620 మద్యం దుకాణాల రాబడికి అలవాటుపడ్డ తెలంగాణ ప్రభుత్వం తేదు కూడా. నేను గుర్తుచేసేది ఒక్కటే. తాగుడు ఇంటినేం చేస్తుందో అందరికన్నా ముందు తెలిసేది ఆడవాళ్లకు. పెళ్లికూతురు మందు వద్దన్నప్పుడు, కాబోయే భర్త ఎట్లాంటివాడన్న భయం కూడా ఆ మాటలో ఉంటుంది. ఆ భయానికి మేనమామలు జవాబు చెప్పలేరు.

ఇక రోడ్డు. ఈ హాళ్ల గేటు దాటితే 65వ నంబరు జాతీయ రహదారి. లారీలు, కంపెనీ బస్సులు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. గ్లాసు నింపే బావమరిది మాత్రం, తాగినాయన ఇంటికెట్లా పోతాడో అడగడు. హాల్లో మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ కావాలి. 21 ఏళ్లు నిండనివారికి పోయకూడదు. ఆ పర్మిట్ అమ్మాయి తండ్రి పేరు మీద తీసుకుంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు అందరూ వేలెత్తి చూపేది ఆయన్నే.

పంజాబ్‌లోని బఠిండా జిల్లా బల్లో గ్రామ పంచాయతీ మందు, డీజే లేకుండా పెళ్లి చేసే కుటుంబానికి 21,000 రూపాయలు ఇస్తామని 2025 జనవరిలో ప్రకటించింది. మంచి ఆలోచనే. అయితే పోతిరెడ్డిపల్లి ఇప్పుడు ఊరు కాదు, పట్టణం. పది జిల్లాలవాళ్లు, పది రాష్ట్రాలవాళ్లు ఉండే చోట పంచాయతీ కట్టుబాటు నిలవదు. ఇక్కడ ఏదైనా తేల్చుకోవాలంటే రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చున్నప్పుడే. ఈ ప్రాంతంలోని హాళ్లలోనే ముస్లిం కుటుంబాల వలీమాలు వందలాది మందితో రాత్రి పొద్దుపోయేదాకా జరుగుతాయి. మందు లేదని ఎవరూ అలగరు. ఉండదని వచ్చేవాళ్లందరికీ ముందే తెలుసు.

కాబట్టి మొదటిరోజే అమ్మాయి తరఫువాళ్లు తేల్చి చెప్పాలి. హాల్లో మందు ఉండదు, ఆ ఖర్చు మేం పెట్టం. తెల్లారి తమ ఇంటి దగ్గర దావత్ చేసుకుంటామంటే డబ్బు అబ్బాయివాళ్లది, పూచీ వాళ్లది, తాగినవాళ్లను ఇళ్లకు చేర్చే బండ్లూ వాళ్లవే. దీనికే సంబంధం పోతుందని బెదిరిస్తే పోనివ్వాలి. ఆ మాట చెప్పే భారం తండ్రి ఒక్కడి మీద వేయకుండా, అమ్మాయి మేనమామలు, బాబాయిలు ఆయన పక్కన కూర్చుని తామే ముందు చెప్పాలి.