అంగుళాలు అడక్కండి, చెయ్యి ఎవరిదో అడగండి

ఊరి బయట రెండెకరాలు కొనడం, అందులో మామిడి పెట్టడం, ఆ తరవాత ఒక మినీ ట్రాక్టర్ దింపడం... మన ఐటీ జనాల్లో ఇప్పుడిదో వరస. తప్పేం లేదు. శనివారం పొద్దున్నే చేవెళ్ళ వైపో షాద్‌నగర్ వైపో వెళ్ళి చూడండి, తోట గేటుకో సాఫ్ట్‌వేర్ కారు. నా గొడవ ట్రాక్టర్‌తో కాదు, దాని వెనకాల తగిలించే చిప్పర్‌తో. అదేనండీ, కొమ్మల్ని ముక్కలు కొట్టే మిషను.

కాయ కోత అయిపోయాక జూన్, జులైలో మామిడికి కత్తిరింపులు చేస్తారు. కుప్పలు కుప్పలుగా కొమ్మలు మిగుల్తాయి. వాటిని తగలబెట్టకుండా ముక్కలు చేసి చెట్ల కింద పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. ఆలోచన బంగారం లాంటిది. కానీ ఆ ఆలోచన షోరూం దాకా వెళ్ళేసరికి మనవాడి నోట్లోంచి వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఎన్ని అంగుళాల కొమ్మ తింటుంది?" సేల్స్ అబ్బాయి "ఆరు సార్" అంటాడు. అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఇరవై వేల ఫోను కొనడానికి ఇరవై వీడియోలు చూసే మనిషే ఇతను!

అసలా ప్రశ్నే తప్పంటాను నేను. ఎందుకంటే బ్రోషరు చదివేది మనం, కొమ్మ తోసేది ఇంకెవరో. ఆ మిషను నోటి ముందు రోజంతా నిలబడేది తోట చూసుకునే మనిషి, లేదా ఆ రోజు కూలికొచ్చిన ఆవిడ. ఆ టైముకి మనం హైదరాబాదులో ఏదో కాల్‌లో మ్యూట్‌లో ఉంటాం. శుక్రవారం సాయంత్రం కోడ్ ప్రొడక్షన్‌లోకి తోసేసి, వారాంతం సపోర్టు డ్యూటీ పక్కవాడికి రాసేసే మేనేజర్ని మనం ఎన్ని తిట్లు తిడతాం? ఇక్కడ ఆ మేనేజరు మనమే.

ముందు హార్స్ పవర్ సంగతి. ట్రాక్టర్ మీద 24 అని రాసుంటే అది ఇంజిన్‌ది. చిప్పర్ తిరిగేది పి.టి.ఓ. షాఫ్ట్ మీద. అక్కడికి చేరేసరికి 20 అటూ ఇటూగా మిగుల్తుంది, మోడల్‌ని బట్టి ఇంకా తక్కువే ఉండొచ్చు. ఇంట్లో పాత మ్యూజిక్ సిస్టం మీద 1000 వాట్లు పి.ఎం.పి.ఓ. అని రాసుండేది, గుర్తుందా? అదే కథ. చిప్పర్ మీద రాసే ఆరు అంగుళాలు కూడా చాలాసార్లు నోటి వెడల్పే తప్ప రోజంతా నమలగలిగే శక్తి కాదు. పైగా కొమ్మ మందం పెరిగేకొద్దీ కోయాల్సిన వైశాల్యం దాని వర్గంతో పెరుగుతుంది. నాలుగు అంగుళాల కొమ్మతో పోలిస్తే ఆరు అంగుళాల కొమ్మ రెండుంపావు రెట్లు. బీటెక్ చదివినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, అయినా షోరూం ఏసీలో మర్చిపోతాం.

"శక్తి చాలకపోతే మహా అయితే పని మెల్లిగా అవుతుంది, అంతేగా?" అంటారు. అక్కడే వస్తుంది చిక్కు. కొమ్మ సగంలో ఆగుతుంది. ముందు నిలబడ్డ మనిషి రెండు చేతులతో నెడతాడు. కదలదు. ఇంకాస్త ముందుకి వంగి నెడతాడు, లేకపోతే కాలితో తంతాడు. ఈలోపు లోపల ఫ్లైవీల్ మళ్ళీ స్పీడందుకుంటుంది. ఆగిన కొమ్మ ఒక్క గుంజుడుతో లోపలికి పోతుంది, పక్క రెమ్మకి చిక్కుకున్న చొక్కా చెయ్యిని కూడా లాక్కుని. అంటే తక్కువ పవరుకి పెద్ద నోరు తగిలించిన ప్రతి ట్రాక్టరూ ఒక మనిషిని ఆ నోట్లోకి వంగమని చెబుతున్నట్టే. 20 హార్స్ పవర్‌కి మూడు, మూడున్నర అంగుళాల పని చాలనుకోండి. అంతకన్నా లావువి ఎలాగూ పొయ్యిలోకి పనికొస్తాయి, ఎవరైనా సంతోషంగా పట్టుకుపోతారు.

ఇది మన దేశానికి కొత్త పాఠం కూడా కాదు. నూర్పిడి మిషన్లు చేతులు తినేసిన చరిత్ర మనకుంది. ఆ పవర్ థ్రెషర్ల కోసమే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. కత్తుల దాకా చెయ్యి అందనంత పొడుగ్గా థ్రెషర్ తొట్టి ఉండాలి అన్న పద్ధతి ఇలాంటి ప్రమాదాల్లోంచి వచ్చిందే. చిప్పర్‌కీ అదే లెక్క. షోరూంలో టేపు అడగండి (చెయ్యి పెట్టి చూడొద్దు బాబూ!). తొట్టి అంచు నుంచి కత్తుల దాకా ఎంతుందో కొలవండి. నిలువెత్తు మనిషి చాచిన చేతికన్నా తక్కువుంటే ఆరంగుళాలు తిన్నా పదంగుళాలు తిన్నా మనకొద్దు.

తరవాత కొమ్మని లోపలికి లాగే పద్ధతి. చవక రకాల్లో కత్తులే లాక్కుంటాయి. వంకర కొమ్మ వస్తే మనిషి నెట్టాల్సిందే. ఖరీదైన వాటిలో హైడ్రాలిక్ రోలర్లుంటాయి. వాటిలో మంచివైతే ఆర్.పి.ఎం. పడిపోగానే రోలర్లు ఆగి, స్పీడు అందుకున్నాక మళ్ళీ లాగుతాయి. అలాగని రోలరు దేవుడేం కాదు, చెరుకురసం మిషను దగ్గర ఎవర్నైనా అడగండి, పట్టుకుంటే వదలదని చెబుతారు. అందుకే తొట్టి చుట్టూ తోస్తే రోలర్లు ఆగి వెనక్కి తిరిగే బారు ఉండాలి. డెమోలో కొమ్మ వేసి చూపిస్తామంటారు. ముందు ఆ బారు నొక్కి చూపించమనండి. నా లెక్కలో సగం బడ్జెట్ దానికే.

ఇంకోటి, కొన్ని మినీ ట్రాక్టర్లలో పి.టి.ఓ.కి 750 దగ్గర కూడా ఒక స్పీడు ఉంటుంది. 540 కోసం తయారైన చిప్పర్‌ని దాంట్లో తిప్పితే ఫ్లైవీల్లో శక్తి దాదాపు రెట్టింపు (స్పీడు నిష్పత్తిని వర్గం చేసి చూడండి). "స్పీడుగా అవుతుంది సార్" అని ఎవరైనా ఆ గేరు వేస్తే వెంటనే ఆపించండి. ఇక షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు. ఎండకి పగిలిందనో, అడ్డంగా ఉందనో తీసి పడేస్తారు. 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. తువ్వాలు కొస, చున్నీ, చీర కొంగు, ఏది తగిలినా విడిపించుకునే టైము ఎవ్వరికీ ఉండదు. తొడుగు లేని షాఫ్ట్‌తో పని చేయించేవాణ్ణి రైతు అని నేనైతే అనను.

"మావాడికి అలవాటేనండీ, పదేళ్ళ నుంచీ మిషన్ల మీదే ఉన్నాడు" అనేది అందరి దగ్గరా వినపడే మాట. అలవాటున్న మనిషే ఎక్కువ దగ్గరికి వెళ్తాడు. లావు మొదలు ముందు పెట్టాలి, పక్కన నిలబడి వదిలెయ్యాలి, చిన్న రెమ్మల్ని ఇంకో పొడుగు కొమ్మతో తోయాలి, ఇరుక్కుంటే ట్రాక్టర్ ఆపి తాళం జేబులో వేసుకుని చక్రం పూర్తిగా ఆగేదాకా ఆగాలి. ఇవి అతనికి చెప్పామా? తొందరేం లేదు, ఈ రోజు కాకపోతే రేపు చేద్దువులే అని చెప్పామా? కుప్ప లెక్కన కూలి మాట్లాడి జాగ్రత్తలు చెప్పడం అంటే ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమే. రోజు కూలి ఇవ్వండి.

కొబ్బరి మట్టలు, పామాయిల్ మట్టలు ఉన్నవాళ్ళు అసలు చిప్పర్ జోలికే వెళ్ళొద్దు. ఆ పీచు చుట్టుకుపోతుంది. దానికి సుత్తులుండే ష్రెడ్డర్ వేరే ఉంది.

రెండెకరాల వాళ్ళకైతే నేను కొనమనే చెప్పను. ఏడాదిలో నాలుగు రోజుల పని. మిగతా మూడొందల అరవై రోజులు షెడ్డులో తుప్పు పడుతుంది, మొండి కత్తులతో మళ్ళీ జూన్ వస్తుంది. కత్తి మొండిబారితే ముక్క రాదు, పీచూ పొట్టూ వస్తాయి, మళ్ళీ నెట్టుడే. 2014-15లో మొదలైన కేంద్రం యాంత్రీకరణ పథకం కింద చాలా చోట్ల అద్దె యంత్రాల కేంద్రాలు పెట్టారు, మీ మండలంలో వాకబు చేయండి. లేదంటే పక్క తోటల వాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒక్క మంచి మిషను తీసుకుని, దాని మీద ఒక్క మనిషినే పెట్టి అతనికి సరిగ్గా జీతమివ్వండి. వాట్సాప్ గ్రూపులు ఎలాగూ ఉన్నాయిగా :-)

ముక్కల్ని మట్టిలో కలిపి దున్నకండి, కుళ్ళేటప్పుడు నత్రజనిని అవి లాగేసుకుంటాయి. పైన పరవండి, మొదలుకి అడుగు దూరం వదలండి, లేకపోతే చెదలు. కాండం తొలిచే పురుగున్న కొమ్మల్నీ, ఎండుతెగులు కొమ్మల్నీ మాత్రం మిషన్లో వెయ్యొద్దు. వాటిని వేరుగా తీసి కాల్చెయ్యడమే మంచిది.