పెండ్లికి జడకొప్పు

పెండ్లిళ్లు మొదలైనయి, జడకొప్పు ఎట్ల కట్టాలని అడిగేటోళ్లు ఎక్కువైండ్రు. మనం పూలజడ అంటం, బీదర్ల కన్నడమోళ్లు మొగ్గిన జడె అంటరు. అది పెండ్లిపిల్లకు అందమే. పొడుగు జడను తెర మీద వేసి రావడం కూచిపూడి సత్యభామకు చెల్లుతది గాని, వడ్డనల తిరిగే ఆడబిడ్డకు కొప్పే నయం.

తలస్నానం ముందురోజే కానియ్యండి. అప్పుడే కడిగిన వెంట్రుకల పిన్ను నిలవదు. తల వెనుక రబ్బరు బ్యాండు వేసి మూడు పాయలు అల్లాలె. జుట్టు పలచగుంటే సవరం మొదట్లనే కలపాలె. మిల్లుల నూలుకు మెలి ఎక్కువైతే చిక్కుపడుతది, తక్కువైతే విడిపోతది. జడా అంతే. అల్లినంక పాయల అంచులు వేళ్లతో కొంచెం వదులు చేస్తే జడ వెడల్పుగ కనబడుతది. దాన్ని బ్యాండు చుట్టూ తిప్పి, కొస లోపలికి దోపి, పిన్నులు గుచ్చాలె. మల్లెదండ ఆఖరున.

నుదురు గుంజుకపోయేటట్టు మాత్రం దువ్వకండి. పార్లరోళ్లు గట్టిగుంటేనే నిలుస్తది అంటరు, నేనొప్పుకోను. పిల్లలకు రోజూ అట్ల గుంజి కడితే ముంగురుల కాడ వెంట్రుక రాలిపోతది. పెండ్లిపిల్ల "నొస్తుంది" అంటే, ముహూర్తానికి అరగంటే ఉన్నా సరే, విప్పి మళ్ల కట్టండి.